దీపం వెలిగించారా, దొంగను వెదికారా?



గత నెల మొదటి ఆదివారం మన మందిరంలో ఆరాధన 40 నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఊళ్లో ఉన్నవాళ్లకు కారణం ఆ రోజే చెప్పాం. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ ఈ రాతలు చదివే మన బిడ్డలు మాత్రం "అయ్యగారూ, ఆ రోజు ఏం జరిగిందట?" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. నోటి మాటగా పోతే మనిషికో రకంగా పోతుంది. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాం. ఇది మా ఇంట్లో ఫోను పోయిన సంగతి. అంతకంటే ముఖ్యంగా, ఫోను పోయినప్పుడు మేము చేసిన తప్పు సంగతి. ఇందులో వచ్చే పిల్లవాడినీ, వాడి తల్లినీ అడిగి, వాళ్లు సరేనన్న తర్వాతే రాస్తున్నాం. పేర్లు రాయడం లేదు. తెలిసినవాళ్లు కూడా ఎక్కడా రాయవద్దని మనవి.

శనివారం సాయంత్రం పాస్టరు ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మరునాడు ప్రభువు బల్ల. పొయ్యి మీద ద్రాక్షరసం కాగుతోంది. పెద్దమ్మాయి పదో తరగతి పరీక్షలకు వరండాలో గట్టిగా చదువుతోంది. చిన్నవాడు బూటు ఒకటి కనబడటం లేదని ఇల్లంతా తిరుగుతున్నాడు. మోకాళ్లకు నూనె కాచి తెమ్మని మా అమ్మ మంచం మీద నుంచి పిలుస్తోంది. ఇద్దరు చెల్లెళ్లు మరునాటి పాటలు నేర్చుకోవడానికి వచ్చారు. సరిగ్గా అప్పుడే పడమట మబ్బు పట్టింది. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి కదా, ఊరంతా పరదాలు పట్టుకొని అటు పరుగెత్తింది. మేము దండెం మీద బట్టల కోసం పరుగెత్తాం. మీ అమ్మగారు తీసి అందిస్తుంటే చేతుల నిండా పట్టుకొని లోపలికి తెచ్చి మంచం మీద పడేశాం. అంతలో గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి వాకిట్లో నిలబడి, "మీ ఫోనుకు నంబరు వచ్చి ఉంటుంది సార్, చెప్పండి" అన్నాడు. జేబులో చెయ్యి పెడితే ఫోను లేదు.

అమ్మగారి ఫోను నుంచి చేశాం. రింగు వెళ్తోంది, ఇంట్లో ఎక్కడా మోగడం లేదు. పరుపులు ఎత్తాం, బియ్యం డ్రమ్ము మూత తీశాం, బండి డిక్కీ చూశాం, మందిరంలో పుల్పిట్ కింద చూశాం. మోగలేదంటే ఇంట్లో లేనట్టే అని మా లెక్క. పొద్దున ఉపవాస కూడికలో మేమే దాన్ని సైలెంటులో పెట్టాం. ఆ సంగతి మాకే గుర్తు లేదు. ఆ ఫోనులో మీ అందరి నంబర్లు, మీరు పంపిన ప్రార్థన మనవులు, మరునాటి వాక్యం నోట్సు, ప్రహరీ గోడకు మీరు పంపిన కానుకల లెక్క ఉన్నాయి. కంగారు పడటం తప్పు కాదు. కానీ మొదటి అరగంటలోనే ఇంట్లో అందరినీ అనేశాం. "నువ్వే సర్దేస్తూ ఎక్కడో పెట్టావు" అని అమ్మగారిని, "ఆటలాడటానికి నువ్వే తీశావు" అని చిన్నవాడిని, "చదువు వంకతో ఫోను చూస్తున్నావు" అని పెద్దపిల్లను. మమ్మల్ని మేము తప్ప అందరినీ అడిగాం.

అప్పుడు మా అమ్మ, "ఇందాక ఆ పిల్లోడు లోపలికి వచ్చిపోయాడు గదా" అంది.

ఆ మాటతో అందరం ఒక్కసారి ఆగిపోయాం. ఆ పిల్లవాడు మీకు తెలిసినవాడే. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. తండ్రి లేడు, తల్లి మిరప కోతలకు పోతుంది. ప్రతి శనివారం వచ్చి మందిరం ఊడ్చి, జంపఖానాలు పరిచి, కాసేపు డోలక్ నేర్చుకొని వెళ్తాడు. వాడు లోపలికి వచ్చింది మందిరం తాళంచెవి కోసం. పిలిచాం. "ఫోను చూశావా బాబూ?" అని అడిగాం. "లేదయ్యగారూ" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు ఇది రాయవలసిన పని ఉండేది కాదు. గ్యాస్ అబ్బాయి చూస్తుండగా, పాటలకు వచ్చిన చెల్లెళ్లు చూస్తుండగా, మా పిల్లలు చూస్తుండగా, "ఏదీ, జేబులు చూపించు" అన్నాం.

చూపించాడు. మందిరం తాళంచెవి, 5 రూపాయల బిళ్ల, నాలుగు మడతలు పెట్టిన పాట కాగితం. తాళంచెవి కిటికీ గట్టు మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

రాత్రి 8:30 దాటాక మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్ వచ్చింది. "అదిగో, తీసినవాడు ఆపేశాడు" అనుకున్నాం. పక్కింటి పెద్దాయన పాపం మంచి మనసుతోనే వచ్చి, ఫలానా ఊళ్లో తమలపాకు మీద అంజనం వేసే మనిషి ఉన్నాడు, దొంగ ముఖం కనబడుతుంది, పొద్దున్నే వెళ్దాం అన్నాడు. "మేము విశ్వాసులం, అలాంటివి చేయం" అని గొప్పగా చెప్పి పంపించాం. ఆ రాత్రికే "పాస్టరుగారి ఫోను ఫలానావాళ్ల కుర్రాడు తీశాడంట" అన్న మాట రెండు వీధులు తిరిగింది. ఇంతకూ మేము వేసింది మాత్రం అంజనం కాదా? ఒక పేదపిల్లవాడి ముఖం చూసి అందులో దొంగను చూశాం. తమలపాకు ఒక్కటే తక్కువ.

ఆదివారం పొద్దున అమ్మగారు ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ విప్పారు. ఫోను అందులోంచి జారి కింద పడింది. ముందురోజు మబ్బు పట్టినప్పుడు ఫోనులో వాక్యం చదువుకుంటూనే వెళ్లి, ఆ ఫోను చేతిలో ఉండగానే మేము బట్టలు అందుకున్నాం. మంచం మీద పడేసిన బట్టల్లో ఆ గుడ్డ మడతలో ఉండిపోయింది. తర్వాత అమ్మాయి దాన్ని అలాగే తీసి బీరువాలో పెట్టింది. ఫోను ఎవరూ ఆపలేదు. ఛార్జింగ్ అయిపోయింది, అంతే. దాన్ని పోగొట్టింది మేమే.

ఛార్జింగ్ పెట్టి చూస్తే 19 మిస్డ్ కాల్స్. 16 మావే. మిగతా 3 ఆ పిల్లవాడి తల్లివి.

మత్తయి 5:23, 24 మీరందరూ ఎరిగిన మాటలే. అర్పణ తెచ్చినవాడు బలిపీఠం దగ్గర నిలబడి ఉండగా, తన మీద తన సహోదరునికి ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలి. ఈ వాక్యం మీద మేము మన మందిరంలోనే రెండు మూడు సార్లు ప్రసంగించాం. అయినా ఆ ఉదయం మా మనసులో వచ్చిన మొదటి ఆలోచన, "ఆరాధన అయ్యాక వెళ్దాంలే" అని. అమ్మగారే, "ఏమండీ, ముందు ఆ ఇంటికి వెళ్లి రండి. జనం కాసేపు కూర్చుంటారు" అన్నారు.

వెళ్లేసరికి ఆ తల్లి వాకిట్లో గిన్నెలు తోముకుంటోంది. మమ్మల్ని చూసి గబగబా చెయ్యి కడుక్కొని లేచింది. "రాత్రి మీకు మూడుసార్లు చేశానయ్యగారూ, ఎత్తలేదు. వాడు కడుపునొప్పి అని అన్నం తినకుండా పడుకున్నాడు. కళ్లంలో పరదాలు కప్పి వచ్చేసరికి పొద్దుపోయింది. మీతో ప్రార్థన చేయిద్దామనుకున్నా" అంది.

వాడు తల్లికి ఏమీ చెప్పలేదు. రెండు వీధులు తిరిగిన మాట ఆమె దాకా ఇంకా రాలేదు. దాచకుండా చెబుతున్నాం ప్రియులారా, ఆ క్షణంలో మాకు శోధన వచ్చింది. ఒక ప్రార్థన చేసి, పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి, ఏమీ చెప్పకుండా వచ్చేయవచ్చు. ఆమె సంతోషిస్తుంది కూడా. కానీ వాడు లోపల మంచం మీద లేచి కూర్చొని మా వైపే చూస్తున్నాడు. చెప్పాం, మొత్తం చెప్పాం. జేబులు చూపించమన్న సంగతి కూడా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "కడుపునొప్పి కాదన్నమాట" అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు. మేము వాడి ముందు కూర్చొని క్షమించమని అడిగాం. వాడు తల ఊపాడు.

తర్వాత మందిరానికి వచ్చి, బల్ల దగ్గరికి వెళ్లకముందే, ఈ సంగతి సంఘం ముందు చెప్పాం. అదీ ఆ 40 నిమిషాల ఆలస్యం.

ఆరాధన అయ్యాక పెద్దలలో ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి, "ఇంట్లో చెప్పుకుంటే సరిపోయేది కదయ్యగారూ. సంఘం ముందు చెబితే సేవకుడి విలువ తగ్గదా?" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆయనకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాం. పది మంది ముందు అనుమానించి, ఒంటరిగా క్షమాపణ చెబితే లెక్క సరిపోదు. అనుమానం ఎంత దూరం నడిచిందో క్షమాపణ కూడా అంత దూరం నడవాలి. మా విలువ మాట అంటారా, శనివారం సాయంత్రం వాడి విలువ తీసినప్పుడు ఎవరూ మమ్మల్ని పక్కకు పిలవలేదు.

ఇప్పుడు మనందరి సంగతికి వద్దాం. ఈ పని మేము ఒక్కరమే చేయలేదు. ఏ ఇంట్లోనైనా, గొలుసు పోనీ, డబ్బు పోనీ, ఫోను పోనీ, వెదకడం ఎక్కడ మొదలవుతుందో గమనించండి. ఇంట్లోకి వచ్చిపోయినవాళ్లలో అందరికంటే పేదవాడు ఎవరో అక్కడ మొదలవుతుంది. పనిమనిషి, పాలు పోసే పిల్ల, కూలికి వచ్చినవాడు. ఆ సాయంత్రం మా ఇంటికి ఒక పెద్ద రైతు కూడా వచ్చి, మంచినీళ్లు తాగి, అదే గదిలో పది నిమిషాలు కూర్చొని వెళ్లారు. ఆయన పేరు ఎవరి నోటా రాలేదు. ఆయన జేబులు చూడాలన్న తలంపు కూడా మాకు రాలేదు. రాకపోవడం మంచిదే. కానీ ఆయనకు ఇచ్చిన మర్యాద ఆ పిల్లవాడికి ఎందుకు ఇవ్వలేదు? మనలో ఎక్కువమంది ఇలాంటి అనుమానాలు పడిన ఇళ్ల నుంచే వచ్చాం. మన తల్లులు, మన నాయనమ్మలు ఎవరెవరి వాకిళ్లలో కొంగు దులిపి చూపించి వచ్చారో మనకు తెలుసు. తెలిసి కూడా అదే చేస్తున్నాం.

లూకా 15:8, 9లో ప్రభువు చెప్పిన స్త్రీని చూడండి. పది వెండి నాణెములలో ఒకటి పోయింది. ఆ నాణెం విలువ దాదాపు ఒక రోజు కూలి. మన అక్కచెల్లెళ్లకు దాని బరువు తెలుసు, ఎండలో పొద్దంతా మిరప కోస్తే వచ్చేది. అయినా ఆమె ముందు ఎవరినీ పిలవలేదు, ఎవరినీ అడగలేదు. దీపం వెలిగించింది, తన ఇల్లు తాను ఊడ్చుకుంది, దొరికేదాకా వెదికింది. పొరుగువాళ్లను పిలిచింది నిజమే, కానీ దొరికిన తర్వాత, సంతోషం పంచుకోవడానికి పిలిచింది. మేము పోయినప్పుడే అందరినీ నిలబెట్టాం.

తొందరపడి అన్న మాట ఎక్కడ పడుతుందో మనకు తెలియదు. ఆదికాండము 31లో లాబాను తన గృహదేవతలు పోయాయని యాకోబు గుడారాలన్నీ తడివి చూశాడు. యాకోబు, అవి ఎవరి దగ్గర దొరికితే వాళ్లు బ్రతకకూడదన్నంత మాట అన్నాడు. తీసింది తాను ప్రేమించిన రాహేలే అని ఆయనకు తెలియదు. న్యాయాధిపతులు 17లో ఒక తల్లి 1100 వెండి నాణెములు పోయాయని శాపనార్థాలు పెట్టింది. తీసుకున్నది ఆమె సొంత కొడుకు మీకానే. చివరికి ఆ శాపం తన బిడ్డ మీదనే పెట్టినట్టయింది. ఆదికాండము 44లోనైతే బెన్యామీను గోనెలోనే వెండి గిన్నె దొరికింది. అయినా బెన్యామీను దొంగ కాదు. యోసేపే దాన్ని అందులో పెట్టించాడు. చేతిలో వస్తువు దొరికినవాడే దొంగ కానప్పుడు, ఏమీ దొరకనివాడిని మనం ఎలా దొంగను చేస్తాం? సాక్షులు ఇద్దరు ముగ్గురు ఉంటేనే ఏ నేరమైనా స్థిరపడాలని ద్వితీయోపదేశకాండము 19:15 చెబుతోంది. మాకు ఒక్క సాక్షి కూడా లేడు.

దొంగతనం వద్దన్న ఆజ్ఞ నిర్గమకాండము 20:15లో ఉంది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞ ఆ పక్క వచనమే. మొదటిది మీరినవాణ్ణి పట్టుకోవాలని పరుగెత్తుతూ రెండోదాన్ని మనమే తొక్కేస్తాం.

"అయితే దొంగలే లేరా అయ్యగారూ?" అంటారు. ఉన్నారు. ఫోను నిజంగా పోతే చేయవలసిన పనులూ ఉన్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మన సంఘ బిడ్డ ఒకరు తర్వాత మాకు నేర్పించారు, మీకూ పనికివస్తాయని రాస్తున్నాం.

ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వారి ఫైండ్ హబ్ అనే సదుపాయం ఉంది. ఇదివరకు ఫైండ్ మై డివైస్ అనేవారు. మరో ఫోనులో మన గూగుల్ ఖాతా తెరిచి నొక్కితే, సైలెంటులో ఉన్న ఫోను కూడా 5 నిమిషాలు గట్టిగా మోగుతుంది. ఫోను ఆన్‌లో ఉండి, నెట్ అందుతూ ఉండాలి. ఆ శనివారం సాయంత్రం ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే, ఫోను గుడ్డ మడతలోంచి కేక పెట్టేది. బయట పోయిందని రూఢి అయితే, వెంటనే సిమ్ ఆపించాలి, బ్యాంకుకు చెప్పాలి, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. 2023 మే నుండి కేంద్ర ప్రభుత్వం వారి సంచార్ సాథీ వెబ్‌సైటు ద్వారా పోయిన ఫోనును దేశమంతటా పనిచేయకుండా ఆపించే వీలు ఉంది. దానికి ఆ ఫోను ఐఎంఈఐ నంబరు కావాలి. ఇప్పుడే మీ ఫోనులో *#06# నొక్కండి, 15 అంకెలు కనబడతాయి. బైబిలు చివరి పేజీలో రాసి పెట్టుకోండి. ఈ పనుల్లో ఒక్కదానికి కూడా పక్కింటి పిల్లవాడి జేబులు చూడనక్కర్లేదు.

అలాగే మనకు ఇతరుల వస్తువు దొరికితే? ద్వితీయోపదేశకాండము 22:1-3 ప్రకారం చూడనట్టు పోకూడదు, సొంతదారుకు చేర్చాలి. దొరికింది అందిస్తూ "నాకు ఇక్కడ దొరికింది" అని చెప్పే పిల్లవాడు, మనం అనుమానించే ఊళ్లో భయపడి దాన్ని అక్కడే వదిలేస్తాడు. తీసి ఇస్తే నన్నే దొంగ అంటారేమోనని. మన అనుమానమే మన ఊళ్లో మంచితనాన్ని భయపెడుతోంది.

మన ఇళ్లలో ఒక కట్టుబాటు చేసుకుందాం. ఏదైనా పోతే ముందు ప్రార్థన చేసి, ఆ రోజు మనం నడిచిన దారి మనమే మొదటి నుంచి గుర్తుచేసుకుందాం. పూర్తిగా ఒక రోజు గడిచేదాకా ఏ మనిషి పేరూ నోట రానివ్వవద్దు. వస్తువు దొరికితే ఆ కబురు అందరికీ చెబుదాం, ఎవరినైనా అనుమానించి ఉంటే అందరికంటే ముందు వాళ్లకు చెబుదాం.

ఆ పిల్లవాడి సంగతి అడుగుతారు. వాడు తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై శనివారం వచ్చాడు, మందిరం ఊడ్చాడు, డోలక్ కూడా వాయించాడు. "లోపలికి రారా నాన్నా" అంటే గడప దగ్గరే నిలబడుతున్నాడు. పాట పెట్టమని ఫోను ఇస్తే రెండు చేతులతో పట్టుకొని, పాట మొదలవగానే తిరిగి ఇచ్చేస్తాడు. మందిరం తాళంచెవి ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది. తీసుకోమని మేము బలవంతం చేయడం లేదు. వాడికి మా మీద నమ్మకం వచ్చిన రోజున వాడే తీసుకుంటాడు. అప్పటిదాకా మందిరం తలుపులు మేమే తీస్తున్నాం. ఆ తాళంచెవి పట్టుకున్నప్పుడల్లా మేము చేసింది గుర్తొస్తోంది, రావాలి కూడా.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, పోయిన వస్తువును వెదికే కంగారులో నీ చిన్నవారిని గాయపరచిన మమ్మల్ని క్షమించు. మా ఇంటి మూలలు చూసుకునే దీపం మాకు దయచేయి. మా నోటికి కావలి పెట్టు. మేము పోగొట్టిన ఆ బిడ్డ నమ్మకాన్ని, దొరికేదాకా వెదికే ఓపిక మాకు ఇవ్వు. యేసు నామంలో వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.